వేట విరామం తర్వాత మొరాయించే ఇంజన్లు

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్ నెలలో, సముద్రంలో చేపల వేట మొదలైన కొద్ది రోజులకే, జిల్లా పేజీలో ఒక చిన్న వార్త కనిపిస్తుంది. వేటకు వెళ్లిన బోటు ఇంజన్ సముద్రంలో ఆగిపోయింది, పక్క బోటువాళ్లు తాడు కట్టి ఒడ్డుకు లాగారు, అందరూ క్షేమం. వార్త అంతటితో ముగుస్తుంది. ఆ ఇంజన్ ఎందుకు ఆగిందో ఎవరూ అడగరు, ఎవరూ రాయరు. కాకినాడ జగన్నాథపురంలో బోటు ఇంజన్లు బాగుచేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. ఆ కారణం చెప్పే బాధ్యత నాలాంటివాడిదేనని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది. బోటు యజమానులు, బోటు నడిపే సరంగులు మీ పత్రిక చదువుతారు కాబట్టి, దయచేసి కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్లు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. 2015కు ముందు ఈ విరామం 47 రోజులే ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వలలు ఒడ్డున ఉండాలన్న నియమం నూటికి నూరుపాళ్లు సరైనది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. నేను మాట్లాడుతున్నది ఆ రెండు నెలలూ రేవులో కట్టేసి ఉన్న ఇంజన్ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన తీరంలో పగలు నిప్పులు కురుస్తాయి, రాత్రి ఉప్పుతేమ పట్టుకుంటుంది. ఇంజన్‌కు, ట్యాంకుకు, బ్యాటరీకి ఇంతకంటే చెడ్డ కాలం లేదు. ఆపైన జూన్ 15న వేట మొదలయ్యేసరికి నైరుతి గాలి ఊపందుకుంటుంది, సముద్రం పోటు మీద ఉంటుంది. ఏడాది మొత్తంలో ఇంజన్ బలహీనంగా ఉండే రోజు, మన మనిషికి ఇంజన్ ఎక్కువ అవసరమయ్యే రోజు ఒక్కటే అవుతున్నాయి.

భైరవపాలెం వైపు నుంచి ఒక యువకుడు డీజిల్ ఇంజన్ ఉన్న ఫైబర్ బోటు తీసుకొచ్చాడు. "రేవులో గంటసేపు నడిపి చూశాం బాబాయ్, ఒక్కసారి కూడా తడబడలేదు. మొగ దాటి నాలుగు అలలు ఎక్కామో లేదో ఆగిపోయింది" అన్నాడు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అప్పటికే ఎవరో చెప్పిన మాట విని డీజిల్ పంపు విప్పించి, సామాను మార్పించి, మళ్లీ బిగించుకున్నాడు. వేట విరామానికి ప్రభుత్వం ఇచ్చే 20 వేల రూపాయల్లో పెద్ద భాగం ఆ పంపుకే పోయింది. ఇంజన్ మాత్రం మళ్లీ మొగ దాటగానే ఆగింది.

నేను పంపు జోలికి వెళ్లలేదు. ట్యాంకు అడుగున ఉన్న బిరడా వదులు చేసి, కారిన డీజిల్‌ను గాజు సీసాలో పట్టి, కదలకుండా గట్టు మీద పెట్టించాను. అరగంట తర్వాత చూస్తే సీసాలో సగానికి పైగా నీళ్లే. నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగట పొర ఒకటి తేలి ఉంది.

సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకులో ఆ ఖాళీ అంతా గాలి ఉంటుంది. పగటి వేడికి ఆ గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమగాలి లోపలికి వస్తుంది. ఆ తేమ ట్యాంకు గోడల మీద చెమ్మగా పట్టి, చుక్కలు చుక్కలుగా జారి అడుగుకు చేరుతుంది. నీరు డీజిల్ కంటే బరువు, అందుకే పైకి తేలదు. రెండు నెలలు అలా పోగవుతూనే ఉంటుంది. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, సీసాలో కనిపించిన జిగట అదే. ఇనుప ట్యాంకైతే తుప్పు కూడా చేరుతుంది. ఇంజన్‌కు డీజిల్ అందించే గొట్టం మూతి ట్యాంకు అడుగుకు కొంచెం పైన ఉంటుంది. రేవులో నీళ్లు నిలకడగా ఉన్నంతసేపు గొట్టం మంచి డీజిలే పీలుస్తుంది. మొగ దాటి బోటు ఊగడం మొదలవగానే అడుగున పడుకున్న నీరు, మడ్డి, తుప్పు లేచి గొట్టంలోకి వెళతాయి. ఫిల్టరు పూడుకుపోతుంది, ఇంజన్ ఆగుతుంది. రేవులో ఎంతసేపు నడిపి చూసినా ఈ జబ్బు బయటపడదు. కెరటాల మధ్యనే బయటపడుతుంది, అక్కడ దానికి వైద్యం చేయడం మహా కష్టం.

అందుకే నా దగ్గరకు ఏ ఇంజన్ వచ్చినా, ఒక్క నట్టు విప్పక ముందు నేను చేసే పని ఒకటుంది. దీనికి డబ్బు ఖర్చు కాదు, ఏ బోటువాడైనా చేసుకోవచ్చు. ఒక శుభ్రమైన డబ్బాలో అయిదు లీటర్ల కొత్త డీజిల్ పోయాలి. బోటు ట్యాంకు నుంచి వచ్చే పైపును తీసేసి, కొత్త హోస్ పైపుతో ఇంజన్‌ను నేరుగా ఆ డబ్బాకు కలపాలి. ఇంజన్ నుంచి మిగులు డీజిల్ తిరిగొచ్చే పైపును కూడా అదే డబ్బాలో పెట్టాలి, చాలామంది ఇది మరిచిపోతారు. ఫిల్టరు కొత్తది వేసి, డీజిల్ లైనులోని గాలి తీసి (ఎలాగో కింద చెబుతాను), ఇంజన్‌ను గట్టిగా నడపాలి. డబ్బా మీద బాగా నడిచి, ట్యాంకు మీద మొరాయిస్తే, లోపం ట్యాంకులోనో పైపుల్లోనో ఉన్నట్టు తేలిపోయింది. ఇంజన్‌ను విప్పనక్కర్లేదు. డబ్బా మీద కూడా సరిగా నడవకపోతే అప్పుడు మిగతా సంగతులు చూడాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా పంపులు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పేవారిని చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. ఆ పంపు లోపలి భాగాల అమరిక ఎంత సున్నితమంటే, అవసరం లేకుండా తెరిచిన పంపు తెరవక ముందు ఉన్నంత బాగా ఉండటం అరుదు.

ఇంజన్ స్టార్టయి, సన్నగా ఆడి, స్పీడు పెరుగుతూ తగ్గుతూ చివరికి ఆగిపోతుంటే, నూటికి తొంభై పాళ్లు డీజిల్ లైనులోకి గాలి చేరినట్టే. దీన్నే మావాళ్లు ఎయిర్ పట్టిందంటారు. రెండు నెలల ఎండకు రబ్బరు పైపులు పగుళ్లిస్తాయి, రాగి వాషర్లు పట్టు వదులుతాయి. చిత్రమేమిటంటే ఆ పగుళ్ల నుంచి డీజిల్ బయటికి కారకపోవచ్చు. పంపు పీల్చేటప్పుడు గాలి మాత్రం లోపలికి వెళ్తుంది. ఫిల్టరు మీద ఉన్న గాలి తీసే మరను వదులు చేసి, చేతి పంపుతో డీజిల్ ఎక్కించాలి. బుడగలు పూర్తిగా ఆగి, డీజిల్ ఏకధారగా వచ్చాక బిగించాలి. ఆ తర్వాత పెద్ద పంపు దగ్గర, చివరికి నాజిళ్ల పైపుల దగ్గర కూడా అదే పని. తీసిన వాషరునే మళ్లీ వేసి బిగిస్తే మర్నాటికి మళ్లీ గాలి చేరుతుంది. కొత్త రాగి వాషర్లకు అయ్యే ఖర్చు ఎంతో చెప్పడానికి కూడా సిగ్గుపడాలి, అంత తక్కువ.

ఇంకో సంగతి. ఇంజన్ కాసేపు బాగా నడిచి, ఊపిరాడనట్టు నెమ్మదించి ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోందనుకోండి. ట్యాంకు మూత తీసి చూడాలి. మూత తీయగానే గాలి లోపలికి బుస్సున పీల్చుకుంటే, ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయిందన్నమాట. కట్టేసి ఉన్న బోట్ల గాలి గొట్టాల్లో కందిరీగలు మట్టి గూళ్లు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. సన్నని తీగతో శుభ్రం చేస్తే చాలు.

నల్లపొగ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పెద్ద మరబోట్ల విషయంలో యజమానులు ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడే. విరామం ముగిశాక బోటు బయలుదేరుతుంది, ఇంజన్ ఎంత తొక్కినా పూర్తి స్పీడు అందుకోదు, సైలెన్సరు నుంచి నల్లపొగ, డీజిల్ మాత్రం నీళ్లలా తాగుతుంది. వెంటనే "నాజిళ్లు పోయాయి" అని ఒకరు, "ఇంజన్ బోరుకు వచ్చింది", అంటే సిలిండరు అరిగిపోయింది అని మరొకరు తీర్పు చెబుతారు. నల్లపొగ అంటే లోపలికి వెళ్లిన డీజిల్ మొత్తం కాలడానికి తగినంత గాలి లేదని అర్థం. ఎయిర్ ఫిల్టరు పూడుకున్నా అది వస్తుంది, నాజిల్ సరిగా చిమ్మకపోయినా వస్తుంది. ఇంజన్ మీద మోయలేనంత బరువు పడినా వస్తుంది. రెండు నెలలు రేవు నీళ్లలో కదలకుండా ఉన్న బోటు అడుగుకు, నీళ్లలో తిరిగే ఫ్యానుకు గుల్లలు దట్టంగా పట్టేస్తాయి. ఆ ఫ్యానుతో బోటును నడపడం తడిసిన గొంగళి కప్పుకుని ఈదడం లాంటిది. నాజిళ్లు మార్పించుకుని కూడా పొగ తగ్గక నా దగ్గరకు వచ్చిన బోటుకు నేను ఇంజన్ గది తలుపు కూడా తెరవకుండా, ముందు ఒకరిని నీళ్లలోకి దింపి ఫ్యాను తడిమి రమ్మన్నాను. రెక్కల అంచులే చేతికి తెలియనంతగా గుల్లలు పట్టాయి. గీకేశాక అదే ఇంజన్ పొగ లేకుండా పూర్తి స్పీడు అందుకుంది. పరీక్ష సులువే. బోటును కట్టేసి, గేరు వేయకుండా ఇంజన్ స్పీడు పెంచి చూడండి. గేరు లేకుండా శుభ్రంగా స్పీడు అందుకుని, గేరు వేసి నడిపితే మాత్రం పొగ తన్నుతుంటే, ముందు నీళ్లలోకి దిగి చూడాలి. దిగే ముందు ఇంజన్ ఆపి, తాళం సరంగు జేబులో పెట్టుకోవాలి. ఇందులో ఎవరూ తొందరపడకూడదు.

తెల్లపొగ వేరు. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కాసేపు వచ్చి, వేడెక్కాక ఆగిపోతే భయం లేదు, కాలని డీజిల్ ఆవిరది. వేడెక్కాక కూడా వస్తూ, నీళ్ల ట్యాంకు మట్టం తగ్గుతుంటే హెడ్డు గ్యాస్కెట్ దగ్గర నీరు లోపలికి దిగుతోందని అనుమానించాలి. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఇక ఒక్క క్షణం కూడా ఇంజన్ నడపకూడదు. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. రెండు నెలలు కదలని పిస్టన్ రింగులు పట్టేసినా వస్తుంది, కొన్ని గంటలు నడిచాక వదిలి తగ్గిపోవచ్చు. తగ్గకపోతే బోరు పని తప్పదు.

సముద్రపు నీటిని లాగి ఇంజన్‌ను చల్లబరిచే పంపులో ఒక రబ్బరు చక్రం ఉంటుంది. దాని రెక్కలు ఎప్పుడూ కొంత వంగి ఉంటాయి. రెండు నెలలు ఒకే తీరుగా వంగి, ఎండి, పంపు గోడకు అతుక్కుంటాయి. జూన్ 15న సెల్ఫ్ కొట్టగానే ఒకటో రెండో విరిగిపోతాయి. నీళ్లు రావు, ఇంజన్ మరుగుతుంది. విరిగిన రబ్బరు ముక్కలు ముందుకు వెళ్లి నీటి దారులను మూసేస్తాయి, చక్రం కొత్తది వేసినా వేడి తగ్గదు. చక్రం మార్చేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టి, తగ్గిన ముక్కలన్నీ వెతికి తీసేదాకా మూత బిగించకూడదని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి రోజే చెబుతాను. ఏప్రిల్‌లో ఆ చక్రాన్ని విప్పి, మంచినీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టి నీడలో దాచుకుంటే ఈ గొడవే లేదు.

చిన్న ఫైబర్ పడవలకు వెనుక తగిలించే మోటార్ల సంగతి వేరు, వాటికి పెట్రోలే శత్రువు. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోల్ ఆవిరైపోయి, పెట్రోల్ వచ్చే సన్నని జెట్టు రంధ్రాల్లో బంకలాంటి పొరను వదిలిపెడుతుంది. మోటారు చోక్ లాగి ఉంచితేనే నడిచి, చోక్ వదలగానే ఆగిపోతుంటే జెట్టు మూసుకుపోయినట్టు. దాన్ని ఇనుప తీగతో పొడవవద్దు. ఇత్తడి జెట్టు రంధ్రం పెద్దదైతే మోటారు జీవితాంతం పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కార్బురేటర్ క్లీనరుతో నానబెట్టి, గాలి కొట్టి, అవసరమైతే నైలాన్ దారపు పోగుతో శుభ్రం చేయాలి. పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది కదా, దాన్ని నొక్కుతున్నంతసేపే మోటారు నడుస్తుంటే, మోటారులోని చిన్న పెట్రోల్ పంపు పొర చిరిగి ఉండాలి, లేదా పైపు అతుకుల దగ్గర గాలి దూరుతూ ఉండాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక మోతాదు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి డబ్బా అడుగుకు దిగుతాయి. టూ స్ట్రోక్ మోటార్లకు ఆయిల్‌ను మనం పెట్రోల్‌లోనే కలుపుతాం. విడిపోయిన అడుగు పొరలో ఆ ఆయిల్ దాదాపు ఉండదు. మోటారు ఆ పొరను పీల్చుకుని ఎలాగో నడిచిందా, పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి ఏప్రిల్‌లో మిగిలిన పెట్రోల్‌ను జూన్‌లో సముద్రంలోకి తీసుకెళ్లవద్దు. కిరోసిన్ మీద నడిచే మోటార్లవారు ఆపే ముందు తప్పక పెట్రోల్‌కు మార్చి, కార్బురేటర్‌లోని కిరోసిన్ అంతా కాలాకే ఆపాలి. కిరోసిన్ మిగిలిన మోటారు చల్లగా ఉన్నప్పుడు ఎంత లాగినా స్టార్టు కాదు.

బ్యాటరీ గురించి రెండే మాటలు. నెగటివ్ వైరు తీసి, నెలకోసారి చార్జింగు పెట్టాలి. నిండిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12కు పడిపోయేదాకా వదిలేస్తే లోపలి పలకలు గట్టిపడి కొత్తది కొనాల్సి వస్తుంది.

విరామంలో వారానికోసారి ఇంజన్‌ను అయిదు నిమిషాలు ఆడించి ఆపేయడం మన రేవుల్లో అలవాటు. ఇంజన్ బతికి ఉండటానికి అంటారు. నా అభిప్రాయంలో ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అయిదు నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సైలెన్సరులో, ఆయిల్‌లో చెమ్మగా నిలిచిపోతుంది. ఆడిస్తే గేరు మీద అరగంటైనా, బాగా వేడెక్కేదాకా ఆడించాలి. లేదంటే స్టార్టు చేయకుండా చేత్తో నాలుగు చుట్లు తిప్పి వదిలేయాలి. ఒడ్డున ఉన్న చిన్న మోటారునైతే నీళ్ల డ్రమ్ములో ముంచకుండా ఒక్క నిమిషం కూడా నడపకూడదు.

ఇదంతా జూన్‌లో చేసే వైద్యం. అసలు పని ఏప్రిల్ 14న, ఆఖరి వేట నుంచి తిరిగొచ్చిన రోజున చేయాలి. ఇంజన్ వేడిగా ఉండగానే పాత ఆయిల్ తీసి కొత్తది పోయాలి. చాలామంది డబ్బు ఆదా అని ఆయిల్ మార్పు జూన్‌కు వాయిదా వేస్తారు. పాత ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు, తేమ ఆ రెండు నెలలూ బేరింగులను తింటూనే ఉంటాయి. అదే ఆయిల్, అదే ఖర్చు, తేదీ మార్చుకుంటే చాలు. ట్యాంకును నిండుగా నింపి ఉంచడం అన్నిటికంటే మంచిది. పని లేని రెండు నెలలూ అంత డబ్బు డీజిల్ రూపంలో ట్యాంకులో పెట్టడం మనవాళ్లకు కష్టమని నాకు తెలుసు. అలాంటివారు పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి మూత బిగించండి. సగం మాత్రం వదలవద్దు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇంజన్ సముద్రంలో ఆగవచ్చు. అప్పుడు ముందు లంగరు వేయాలి, తర్వాతే ఇంజన్ దగ్గరకు వెళ్లాలి. ఇంజన్ గదిలో తల దూర్చి కూర్చుంటే బోటు మొగ దగ్గర విరిగే కెరటాల్లోకి కొట్టుకుపోతుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఉచితం. సరంగు ఒక్కడికే కాదు, బోటులో ప్రతి కళాసీకీ అది గుర్తుండాలి. విడి ఫిల్టర్లు రెండు, రాగి వాషర్లు, పంపు రబ్బరు చక్రం, మంచి డీజిల్ డబ్బా ఒకటి లేకుండా బోటు రేవు వదలకూడదు.

మీ పత్రికకు నా మనవి ఒకటే. ఇంజన్ ఆగిన వార్తను జూన్‌లో వేయండి, కానీ విరామానికి ఇంజన్‌ను ఎలా సిద్ధం చేసి ఉంచాలో ఏప్రిల్ మొదటి వారంలో జిల్లా పేజీలో ఒక పెట్టె కట్టి వేయండి. మన కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, మత్స్యకారులకు శిక్షణ ఇచ్చే సంస్థ అది. మత్స్యశాఖవారు, ఆ సంస్థవారు కలిసి ఏటా ఏప్రిల్ 10 నుంచి 14లోపు ఒక రోజు కుంభాభిషేకం రేవులో, మరొక రోజు ఉప్పాడలో, జెట్టీ మీదనే, నిజమైన ఇంజన్ ముందు పెట్టుకుని ఈ పనులన్నీ చేసి చూపించాలి. గదిలో తెర మీద బొమ్మలు చూపితే మావాళ్లకు ఎక్కదు. చేతికి నూనె అంటాలి. ఆ రోజున డబ్బా, హోస్ పైపు, గాజు సీసా పట్టుకుని నేనూ వస్తాను. నాకు కూలి ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
ఒక బోటు ఇంజన్ మెకానిక్,
జగన్నాథపురం, కాకినాడ.